జావా పల్లెలో స్థిరపడవచ్చా? పొలం లెక్క, ఊరి లెక్క

ప్రశ్న: మాది గోదావరి జిల్లా. ఇండోనేషియాలోని జకార్తాలో ఒక వస్త్ర పరిశ్రమలో పనిచేస్తున్నాను. నా భార్యది మధ్య జావాలోని క్లాతెన్ జిల్లా. మామగారికి అక్కడ మూడు వేల చదరపు మీటర్ల మాగాణి ఉంది, వయసు మీద పడటంతో ఒంటరిగా చేయలేకపోతున్నారు. ఉద్యోగం వదిలేసి ఇద్దరు చిన్నపిల్లలతో ఆ ఊరు వెళ్ళి వ్యవసాయం చేద్దామని ఆలోచన. అక్కడి బతుకు ఎలా ఉంటుంది? భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఊళ్ళో స్థిరపడండి. ఆ మూడు వేల చదరపు మీటర్లను నమ్ముకుని మాత్రం స్థిరపడకండి. మధ్య జావా వరి రైతులతో చాలా ఏళ్ళు కలిసి పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను. క్లాతెన్ పల్లెల్లో బతుకు నిదానంగా, నిశ్చింతగా సాగుతుంది. పిల్లలను పదిమంది కనిపెట్టుకుని ఉంటారు. కాని అక్కడ నిలదొక్కుకున్న ఏ ఇల్లు చూసినా చేను తిండికీ పరువుకీ తప్ప నగదుకు కాదు. నగదు వేరే దారిన వస్తుంది: తైవాన్‌లో పనికి వెళ్ళిన కూతురు, సోలో నగరంలో ఉపాధ్యాయుడిగా ఉన్న కొడుకు, ఇంటి వెనక చేపల తొట్టి, రోడ్డు మీద చిన్న దుకాణం. మీరు ముందుగా తేల్చుకోవలసింది మీ ఇంటికి ఆ రెండో దారి ఏమిటన్నదే.

ముందు పొలం లెక్క చూద్దాం. మూడు వేల చదరపు మీటర్లంటే మన కొలతలో సుమారు 74 సెంట్లు. హెక్టారుకు ఆరు టన్నుల పచ్చి ధాన్యం పండిందనుకుంటే మీకు 1.8 టన్నులు వస్తాయి. 2025 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ మద్దతు ధర కిలోకు 6,500 రూపియాలు (రూపియా ఇండోనేషియా నాణెం). అంటే పంట మొత్తం విలువ 1 కోటీ 17 లక్షల రూపియాలు. కోటి అనగానే ఆశపడకండి; మన రూపాయికి 190 రూపియాల చొప్పున వేస్తే అది 61 వేల రూపాయల పైచిలుకు. దమ్ము, నారు, నాట్లు, ఎరువు, పురుగుమందు, కోత అన్నీ కూలికి చేయిస్తే అందులో దాదాపు సగం పోతుంది. నాలుగు నెలల పంటకు 58 లక్షల రూపియాలు మిగిలితే నెలకు 15 లక్షలు కూడా పడదు. క్లాతెన్ జిల్లాలో 2025 కనీస వేతనం నెలకు సుమారు 24 లక్షల రూపియాలు. సొంత పొలం, మంచి పంట, సర్కారు ధర, ఈ మూడూ కలిసివచ్చినా రైతుకు మిగిలేది ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లవాడి జీతంలో మూడింట రెండు వంతుల లోపే. అదే పొలం సగపాలుకు చేసేవాడైతే వాడికి దక్కేది ఇంకెంతో మీరే ఊహించండి.

ధర తక్కువ కాబట్టి ఈ పరిస్థితి అనుకుంటే పొరపాటు. మన దగ్గర 2025–26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అదీ తేమ 17 శాతం లోపు ఉంటేనే. అక్కడ కోసిన పచ్చి ధాన్యానికే క్వింటాలుకు 3,400 రూపాయలకు పైగా పడుతోంది. తేమ, తాలు చూసి ధర తగ్గించే పట్టికను కూడా 2025లో ఎత్తివేశారు. మన రైతులు వింటే అసూయపడే ధర అది. అసలు కొరత భూమిది. జావా దీవి విస్తీర్ణంలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది, జనం మాత్రం 15 కోట్లకు పైనే. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పంచుకోగా పంచుకోగా చేలు జానెడేసి అయిపోయాయి. అర హెక్టారు లోపు భూమి ఉన్న రైతును అక్కడ గురెం రైతు అంటారు. అలాంటి కుటుంబాలు దేశం మొత్తం మీద 2013 వ్యవసాయ గణనలో 1.42 కోట్లు ఉంటే, 2023 గణన నాటికి 1.7 కోట్ల దగ్గరికి చేరాయి. మీ మామగారూ ఆ లెక్కలోని వారే. ఆయన తరువాత ఆ చేను మీ ఆవిడకూ ఆమె తోబుట్టువులకూ ఎన్ని ముక్కలవుతుందో ఇప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది. ఇబ్బందికరమైన ప్రశ్న కాబట్టి అల్లుడిగా మీరు అడగకండి, కూతురిగా ఆమె అడగాలి.

ఇక పంట అమ్మకం. క్లాతెన్‌లో చాలామంది ధాన్యం అమ్మరు, నిలబడి ఉన్న చేనునే అమ్మేస్తారు. దీన్ని తెబాసన్ అంటారు. కోతకు వారం పది రోజుల ముందు వ్యాపారి వచ్చి గట్టు మీద ఒక చుట్టు తిరుగుతాడు. రెండు మూడు చోట్ల వెన్ను లాగి, గింజ నొక్కి, పాలు ఆరిందో లేదో చూస్తాడు. పడిన దుబ్బులను కంటితోనే లెక్కేసుకుని ఒక మొత్తం చెబుతాడు. కాసేపు బేరం, కొంత బయానా, అంతే. కోతయంత్రం, కూలీలు, లారీ అన్నీ అతనివే. ముసలి రైతుకు ఇది సుఖమే, ఎండబెట్టే కళ్ళం అక్కర్లేదు, మోతకు మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఆ సుఖానికి ఎంత చెల్లిస్తున్నాడో అతనికి తెలియదు, ఎందుకంటే తన చేలో ఎన్ని కిలోలు పండాయో అతను ఎన్నడూ తూచలేదు.

దీనికి విరుగుడు అక్కడి గణాంక సిబ్బంది చేసే పద్ధతిలోనే ఉంది. చేలో సగటుగా ఉన్న చోట రెండున్నర మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు గల గడి కొలిచి, దాన్ని కోసి నూర్చి తూచండి. ఆ బరువును 1,600తో గుణిస్తే హెక్టారు దిగుబడి, 480తో గుణిస్తే మీ చేను దిగుబడి. గడిలో 3.75 కిలోలు వస్తే మీ చేలో 1,800 కిలోలున్నట్టు. బాగున్నచోట ఒకటి, బాగాలేని చోట ఒకటి కోసి సగటు తీస్తే మరీ మంచిది. ఆ అంకె చేతిలో ఉన్న రైతుతో వ్యాపారి బేరం వేరుగా ఉంటుంది. మీరు ఆ ఊరికి వెళ్ళిన మొదటి పంటకే చేయగలిగిన మేలు ఇది, పైసా ఖర్చు లేదు. బులోగ్ అనే ప్రభుత్వ సంస్థ, 1967 నుంచి ఉన్నది, మద్దతు ధరకు ధాన్యం కొంటుంది. తూకం తెలిస్తేనే అటు అమ్మాలో ఇటు అమ్మాలో తేల్చుకోగలరు.

యంత్రాల వల్ల నష్టపోయినవాళ్ళ మాట కూడా చెప్పాలి. పూర్వం కోతకు వచ్చిన ఆడవాళ్ళకు కోసినదానిలో ఆరో వంతో ఎనిమిదో వంతో ధాన్యంగా ఇచ్చేవారు. భూమి లేని ఇంటికి ఏడాది గింజలు అలా చేరేవి. వ్యాపారి యంత్రం దించాక ఆ వాటా పోయింది. ఇప్పుడు యంత్రం వెనకాల రాలిన వెన్నులు ఏరుకునే ముసలమ్మలు కనిపిస్తారు. మీ చేలో వారిని ఎవరైనా అదిలిస్తే ఊరుకోకండి. ఆ ఊళ్ళో మీ పేరు నిలిచేదీ పోయేదీ ఇలాంటి చోటనే.

సాగు గురించి రెండు హెచ్చరికలు. క్లాతెన్‌కు మెరాపి అగ్నిపర్వతం వాలు నుంచి ఊటలు పుష్కలం. నీరుంది కదా అని ఏడాదికి మూడు పంటలూ వరే వేసే ఊళ్ళున్నాయి. చేను ఎన్నడూ ఖాళీ ఉండకపోతే వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమకు ఏడాది పొడవునా విందే. 2010, 2011 ప్రాంతాల్లో ఆ జిల్లా రైతులు సుడిదోమతో పంటలకు పంటలే పోగొట్టుకున్నారు. రెండు వరి పంటల తరువాత పెసరో సోయానో మొక్కజొన్నో వేసి దోమ గొలుసు తెంచండి. ఆదాయం కాస్త తగ్గినా మందుల ఖర్చు అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

ఈ విషయంలో మనకూ వారికీ ఒక పాత బంధుత్వం ఉంది. సబ్సిడీ మందులు విచ్చలవిడిగా చల్లడం వల్ల మిత్ర పురుగులు చచ్చి దోమ విజృంభించిందని గుర్తించి, ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులను చేలోనే కూర్చోబెట్టి, సాలీళ్ళనూ దోమలనూ లెక్కపెట్టించి, మందు కొట్టాలో వద్దో వారిచేతనే తేల్పించే పాఠశాలలు పెట్టారు. ఆ పద్ధతే ఆసియా అంతటా పాకి మన దగ్గర పొలంబడి అయింది. మీ నాన్నగారి ఊళ్ళో ఎవరైనా పొలంబడికి వెళ్ళి ఉంటే వారు నేర్చుకున్న చదువు పుట్టినిల్లు మీ అత్తవారి దేశమే. దురదృష్టం, ఆ దేశంలోనే ఇప్పుడు చాలామంది వారానికో మందు కొట్టే అలవాటుకు తిరిగి వెళ్ళారు. మీరు ఆ దారి పట్టకండి.

రెండోది ఎలుకలు. అక్కడి వరికి పురుగుల కంటే ఎలుకల బెడద ఎక్కువ. కొందరు గట్ల చుట్టూ కరెంటు తీగ కడతారు. సరాగెన్, ఙావి జిల్లాల్లో ఆ తీగలు తగిలి ఎందరో రైతులు, చాలాసార్లు తీగ కట్టినవారే, చనిపోయారు. మన దగ్గర అడవిపందులకు కట్టిన తీగలకు మనుషులు బలైనట్టే. మీ మామగారి గట్టున అలాంటి తీగ ఉంటే వెళ్ళిన రోజే పీకించండి. దెమాక్ జిల్లాలో త్లోగోవెరు అనే ఊరు గుడ్లగూబలకు చేలల్లో గూళ్ళు కట్టి ఎలుకలను అదుపులోకి తెచ్చింది. ఒక్కరు చేస్తే లాభం లేదు, ఊరంతా కలవాలి. జావా పల్లెల్లో అలా కలవడం మన ఊళ్ళలో కంటే తేలిక.

ఎందుకంటే అక్కడ ఊరు నిజంగా ఊరుగా పనిచేస్తుంది. నెలకోసారి పసిపిల్లల బరువు తూచే శిబిరం నడిపేది ఊరి ఆడవాళ్ళే. రాత్రి కాపలాకు ఇంటికొకరు వంతు. ఆదివారం కాలువ పూడిక తీతకు ఇంటికొకరు పార పట్టుకుని రావాలి, మీరు విదేశీయులని మినహాయింపు ఉండదు, అడగనూ వద్దు. పెళ్ళికో చావుకో వండిపెట్టే పని ఇరుగుపొరుగుదే. దీనికి ఒక ఖర్చుంది. మన చదివింపుల్లాగే అక్కడా ఎవరు ఎంత పెట్టారో పుస్తకంలో రాసుకుంటారు, తిరిగి అంతకు తగ్గకుండా పెట్టాలి. జావా పంచాంగంలోని సురో మాసంలో పెళ్ళిళ్ళుండవు, బెసార్ మాసంలో వరసగా ఉంటాయి. ఆ నెలలో చిన్న రైతులు అప్పు చేసి మరీ కవర్లు పెట్టడం మామూలే. మీ నెలసరి లెక్కలో దీనికో పద్దు వేసుకోండి, లేకపోతే వేసిన లెక్కలన్నీ తప్పుతాయి. ఇండోనేషియన్ మీకు వచ్చే ఉంటుంది. పెద్దలతో మాట్లాడే మర్యాద జావనీస్ కొంచెమైనా నేర్చుకోండి. దానికి వచ్చే ఆదరణ డబ్బు పెట్టి కొనగలిగేది కాదు.

గ్రామ పాలన బాగా మారింది. 2014 గ్రామ చట్టం తరువాత, 2015 నుంచి కేంద్రం నేరుగా ఊళ్ళకు డబ్బు పంపుతోంది. 2025లో సుమారు 75 వేల గ్రామాలకు 71 లక్షల కోట్ల రూపియాలు కేటాయించారు. సగటున ఊరికి 94 కోట్ల రూపియాలు, అంటే దాదాపు 50 లక్షల రూపాయలు. రోడ్లు, కాలువలు, కల్వర్టులు దానితోనే బాగుపడ్డాయి. డబ్బు పెరిగిన చోట అవినీతి కేసులూ పెరిగాయి, అదీ నిజమే. ఊరు తనంతట తాను ఏం చేయగలదో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మీ జిల్లాలోనే పోలన్‌హర్జో మండలంలో పొంగొక్ అనే ఊరు ఉంది. ఊటనీటి కొలనును ఈతకూ, నీటి అడుగున ఫొటోలకూ అనువుగా తీర్చి, 2009లో పెట్టిన ఊరి సొంత వ్యాపార సంస్థ ద్వారా నడిపారు. ఏడాది రాబడి వెయ్యి కోట్ల రూపియాలు, మన లెక్కలో 5 కోట్ల రూపాయలు, దాటిన సంవత్సరాలున్నాయి. అయితే ప్రతి ఊరికీ అలాంటి ఊట ఉండదు. పొంగొక్‌ను చూసి కొలను తవ్వి డబ్బు పోగొట్టుకున్న ఊళ్ళను కూడా చూశాను. 2025 జూలైలో గ్రామ సహకార సంఘాల పథకాన్ని అధ్యక్షుడు ప్రబోవో క్లాతెన్ జిల్లాలోనే, బెంతంగాన్ గ్రామంలో ప్రారంభించారు. అది ఎరువుల దుకాణంగా, ధాన్యం గోదాముగా నిలబడితే మీకు ఉపయోగమే, కాని దాన్ని నమ్ముకుని ఇప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

భూమి చట్టం దగ్గర చాలా జాగ్రత్త అవసరం. 1960 నాటి భూ చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే ఉంటుంది. ఎవరి పేరునో కొని లోపాయికారీ కాగితం రాసుకుందామనే సలహా మీకు తప్పక వస్తుంది. ఆ కాగితం చెల్లదు, భూమి పోతుంది. వారసత్వంగా మీ ఆవిడకు వచ్చేది ఆమె సొంత ఆస్తి, దానికి చిక్కు లేదు. పెళ్ళయ్యాక కొనే భూమి మాత్రం ఉమ్మడి ఆస్తి కిందికి వస్తుంది కనుక, ఆస్తులు వేరని ఒప్పందం లేకపోతే ఆమె పేర కొనడం కూడా చిక్కే. అలాంటి ఒప్పందం పెళ్ళి తరువాత కూడా రాసుకోవచ్చని 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. నోటరీ దగ్గరికి వెళ్ళి ఆ పని ముందు పూర్తి చేసుకోండి.

మీ నివాసం సంగతి. కంపెనీ పర్మిట్ మీద ఉన్నట్టయితే ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. భార్య హామీ మీద ఇచ్చే పరిమిత నివాస అనుమతికి మార్చుకోండి. పెళ్ళయి రెండేళ్ళు దాటితే శాశ్వత నివాస అనుమతికి దరఖాస్తు చేయవచ్చు. 2011 వలస చట్టం ఇలాంటి భర్తలు కుటుంబ పోషణ కోసం పనో వ్యాపారమో చేసుకోవడానికి వీలు కల్పిస్తుంది. సబ్సిడీ ఎరువు మాత్రం మీ పేరున రాదు, రైతు సంఘం జాబితాలో పౌరుల పేర్లే ఉంటాయి. మామగారి పేరు తీసేసే ముందే మీ ఆవిడ పేరు ఎక్కించండి. 2025 అక్టోబరులో సబ్సిడీ యూరియా ధర కిలో 2,250 నుంచి 1,800 రూపియాలకు తగ్గింది, జాబితాలో పేరు లేనివాళ్ళు బయట అంతకు ఎన్నో రెట్లు పెట్టాలి.

ఇక ఆ రెండో దారి. మీ చోట ఉంటే నేను మూడింటిని చూస్తాను. ఊటనీటి కాలువ పక్కన స్థలం ఉంటే తిలాపియా చేపలు. పోలన్‌హర్జో చుట్టుపక్కల ఈ పెంపకం బాగా పాతుకుపోయింది, కొనేవాళ్ళు ఇంటికే వస్తారు. నీరు తక్కువైతే క్యాట్‌ఫిష్, మేత ధరే దానికి ప్రాణం. రెండోది బియ్యం. దెలంగు ప్రాంతపు రోజోలేలే బియ్యానికి దేశమంతా పేరుంది. ఎత్తుగా పెరిగి పడిపోవడం, ఐదు నెలల కాలపరిమితి వల్ల రైతులు దాన్ని వదిలేశారు. జిల్లా యంత్రాంగం అణుశక్తి సంస్థతో కలిసి దాని నుంచి స్రినుక్ అనే పొట్టి రకం తీయించింది, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. మీ చేలో పండేది కొంచెమే, కాని పది మంది రైతుల దగ్గర అది కొని, ఆడించి, ఐదు కిలోల సంచుల్లో జకార్తాలో మీకు తెలిసిన ఇళ్ళకు పంపగలిగితే, ఇప్పుడు వ్యాపారికి పోతున్న వాటాలో కొంత మీ ఇంట్లో ఉంటుంది. బయటి ప్రపంచం తెలిసిన మీకు ఊళ్ళోవాళ్ళ కంటే ఎక్కువ ఉన్నది ఈ పరిచయాలే. పెట్టుబడికి మీ ఆవిడ పేర ప్రభుత్వ రాయితీ రుణం దొరుకుతుంది. మూడోది, అన్నిటికంటే భద్రమైనది, ఇద్దరిలో ఒకరికి నెల జీతం. 2021 నుంచి యోగ్యకర్త, సోలో మధ్య కరెంటు లోకల్ రైళ్ళు క్లాతెన్ మీదుగా నడుస్తున్నాయి. టికెట్టు 8,000 రూపియాలు. ఆ రెండు నగరాల్లో దేనిలో పని దొరికినా ఊళ్ళోనే కాపురం ఉండవచ్చు.

పిల్లల గురించి నాకు పెద్ద దిగులు లేదు. ప్రభుత్వ బడి నడకదూరంలో ఉంటుంది, మంచి కాలేజీలు యోగ్యకర్తలోనే ఉన్నాయి. 2014లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమాలో మూడో తరగతికి మనిషికి నెలకు 35 వేల రూపియాలు కడితే సరిపోతుంది, ఆరు నెలలు దాటి అక్కడ ఉండే విదేశీయులు కూడా అందులో చేరాలి. పిల్లల పౌరసత్వం మాత్రం ఇప్పుడే తేల్చండి. ఇండోనేషియా 2006 చట్టం మిశ్రమ దంపతుల పిల్లలకు 18 ఏళ్ళ వరకు రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, భారతదేశం ఒప్పుకోదు. పొలంలో వారికి భవిష్యత్తు ఉందా అంటే, 74 సెంట్లలో లేదు. ఆ ఊళ్ళో యువకులు చేలో దిగడం ఇప్పటికే అరుదు. చదువుకున్న పిల్లలు బయటికి వెళ్తారు, పండుగకు వస్తారు. అలా వెళ్ళగలిగేలా వారిని చదివించడమే అక్కడి తల్లిదండ్రులు చేస్తున్నది, మీరూ అదే చేయండి.

రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి. వానాకారు నాట్లు నవంబరు ప్రాంతంలో, కోతలు ఫిబ్రవరి, మార్చిలలో పడతాయి. సెలవు పెట్టి ఆ రెండు వేళల్లో ఊళ్ళో ఉండండి. నాట్లప్పుడు మామగారి ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాయండి, కోతప్పుడు ఆ గడి కోసి తూచండి. ఆ పుస్తకంలోని అంకెలు, జకార్తాలో మీ ఇంటి నెల ఖర్చు పక్కపక్కన పెట్టి మీ ఆవిడతో కూర్చోండి. కనీసం ఒక ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉండి, చేపలో, బియ్యమో, జీతమో ఒక దారి మొదలయ్యాకే సామాను సర్దండి.